హాల్లో కన్ను, అల్మరాలో పెట్టె



శ్రావణం వస్తోందంటే మన మోరిస్‌విల్ గ్రూపులో రెండే ప్రశ్నలు. తాంబూలంలోకి తమలపాకులు ఎక్కడ దొరుకుతాయి, ఇంటికి ఏ కెమెరా మంచిది. వ్రతానికని నగలు బ్యాంకు లాకర్ నుంచి ఇంటికి తెస్తాం. తెచ్చిన రాత్రి నుంచి నిద్ర పట్టదు. ఆ భయం ఉత్తదేం కాదు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, మిషిగన్, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో మన భారతీయుల, ఇతర ఆసియావాళ్ళ ఇళ్ళనే ఏరుకుని దోచిన ముఠా ఒకటుంది. దాని నాయకురాలికి 2019లో 37 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

అందుకని కెమెరా వద్దని నేననను. అది ఎటు చూస్తోంది, చూసింది ఎక్కడ దాస్తోంది అనేదే ఈ నెల ముచ్చట.

మేము మొదట వైఫై కెమెరాలు నాలుగు కొన్నాం. మూడు బయట, ఒకటి హాల్లో. అమ్మ రాజమండ్రి నుంచి ఆర్నెల్లకి వచ్చింది. రెండు వారాలయ్యాక గమనించాను. మధ్యాహ్నం సోఫాలో నడుం వాల్చడం లేదు, గదిలోకెళ్ళి తలుపేసుకుంటోంది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంటే, "అది కాదే, ఆ కన్ను నన్నే చూస్తున్నట్టుంది. అల్లుడుగారు ఆఫీసులో చూస్తారేమో, కాళ్ళు చాపుకుని పడుకుంటే ఏం బావుంటుంది?" అంది.

నవ్వేశాను. రాత్రి మాత్రం నవ్వు రాలేదు. అల్లుడుగారి సంగతి సరే, ఇంకెవరు చూడగలరు? ఆ వీడియోలన్నీ కంపెనీవాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి. నెలనెలా డబ్బు కడుతున్నది మేమే, తాళం మాత్రం వాళ్ళ దగ్గర.

ఇది చాదస్తం కాదు. రింగ్ సంస్థ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మేలో కేసు పెట్టింది. 2017లో ఆ సంస్థ ఉద్యోగి ఒకడు కనీసం 81 మంది ఆడవాళ్ళ కెమెరాల్లోని వీడియోలు వేలకొద్దీ చూశాడని ఆ ఫిర్యాదులో ఉంది. పడకగదుల్లో పెట్టుకున్న కెమెరాలవి కూడా. సంస్థ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని కేసు ముగించుకుంది.

అప్పుడు మేం మారింది ఎన్‌వీఆర్‌కి, అంటే నెట్‌వర్క్ వీడియో రికార్డర్. పాత డీవీడీ ప్లేయరంత పెట్టె. లోపల హార్డ్ డిస్కు ఉంటుంది. కెమెరాల నుంచి వైర్లు నేరుగా దీనికే వస్తాయి. ఒక్క వైరులోనే కరెంటూ వీడియో రెండూ నడుస్తాయి, దీన్నే పీఓఈ అంటారు. కంప్యూటర్ అక్కర్లేదు, నెలవారీ చందా లేదు. ఇంటర్నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు. వైఫైని జామ్ చేసే దొంగకి వైరు కెమెరా దొరకదు.

డిస్కు ఎంత కావాలని చాలామంది అడిగారు. లెక్క తేలికే. మామూలు నాలుగు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి సుమారు 4 మెగాబిట్లు పంపిందనుకోండి, రోజుకి 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకి రోజుకి 173. అంటే 4 టీబీ డిస్కులో దాదాపు మూడు వారాలు నిలుస్తుంది. ఆ తర్వాత పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. మూడు వారాల ఊరి ప్రయాణానికి అది అంచుకి సరిపోతుంది. నెల వెళ్ళేవాళ్ళు 6 లేదా 8 టీబీ తీసుకోండి.

కొనేముందు ఇవి చూసుకోండి:

పెట్టెని టీవీ కింద పెట్టకండి. దొంగ మొదట పట్టుకుపోయేది దాన్నే. మేడమీద తాళమున్న అల్మరాలో, గాలి ఆడేలా పెట్టండి. అటక మీద వద్దు, ఇక్కడి ఎండలకి డిస్కు పోతుంది. పక్కన చిన్న యూపీఎస్ ఉండాలి.

పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి. 2016 అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ అమెరికాలో గంటల తరబడి మూగబోయాయి గుర్తుందా? పాస్‌వర్డ్ మార్చని ఇలాంటి కెమెరాలు, రికార్డర్లని మిరాయి అనే వైరస్ పట్టుకుని చేసిన పని అది. రూటర్లో పోర్టులు తెరవమని ఎవరైనా చెబితే వినకండి.

హిక్‌విజన్, దాహువా కొత్త మోడళ్ళకి 2022 నవంబరు నుంచి ఇక్కడ అనుమతి ఆపేశారు. ఇంకో పేరుతో అమ్మేవీ ఉంటాయి, తయారీదారు ఎవరో అడగండి.

టౌన్‌హోమ్ అయితే బయటి గోడకి బిగించేముందు హెచ్‌ఓఏ నియమాలు చదవండి. పక్కింటి కిటికీ ఫ్రేములో పడకుండా తిప్పండి. మైకు ఆపేయండి. నార్త్ కరొలైనా చట్టం ప్రకారం మాటలు రికార్డు చేయాలంటే మాట్లాడుకునేవాళ్ళలో కనీసం ఒకరి సమ్మతి కావాలి. మీరు ఇంట్లో లేనప్పుడు పిల్లల్ని చూసుకునే ఆంటీ ఫోన్లో మాట్లాడుకున్నది మీ పెట్టెలో పడితే చిక్కే.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. అడ్మిన్ పాస్‌వర్డ్ మీకూ తెలియాలి. "అవన్నీ మావారు చూసుకుంటారు" అనకండి. పెట్టె ఇంట్లోనే ఉన్నా, తాళం ఒక్కరి చేతిలోనే ఉంటే ఇంట్లో మిగతావాళ్ళకి అది పరాయి కన్నే. నేను పట్టుబట్టి నేర్చుకున్నాను, గంట పట్టింది. ఎవరికైనా ఆ కెమెరా కాపలాలా కాక పహారాలా అనిపిస్తుంటే, ఎప్పుడు బయటికెళ్ళావు, ఎవరొచ్చారు అని లెక్కలు అడుగుతుంటే, మౌనంగా ఉండకండి. 1-800-799-7233 గృహహింస హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ ఫోను కెమెరా లేని చోట నుంచి, వీలైతే స్నేహితురాలి ఫోన్‌ నుంచి చేయండి. మన ప్రాంతంలో దక్షిణాసియావాళ్ళ కోసం కిరణ్ సంస్థ కూడా ఉంది.

ఊళ్ళో ఉన్న అమ్మలకీ, అత్తయ్యలకీ ఓ మాట. "నీ కోసమేనమ్మా" అని పిల్లలు అక్కడ కెమెరా పెట్టిస్తామంటే, గేటు దగ్గర, వాకిట్లో పెట్టించుకోండి. పడకగదిలో వద్దనే హక్కు మీది.

మా హాల్లో కెమెరా తీసేసి నాలుగోదాన్ని కూడా బయటికే తిప్పాం. మర్నాడు మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో నీళ్ళకని కిందికి దిగాను. అమ్మ సోఫాలో కాళ్ళు చాపుకుని, కొంగు మొహమ్మీద కప్పుకుని గురక పెడుతోంది. ఫోటో తీయబోయి ఆగిపోయాను.

వచ్చే నెల కలుద్దాం. మీ ఇంటి కెమెరా ఎటు చూస్తోందో ఈ వారాంతం ఒకసారి చూసి గ్రూపులో రాయండి.