వీడియో ఆటలయందలి సేనాపతులు

పూర్వము మన బాలురు చెడుగుడును, బిళ్ళంగోడును, కోతికొమ్మచ్చియు ఆడుచుండిరి. ఆ యాటలయందు నాయకుడు లేకపోలేదు గాని, వాని భుజములపై నక్షత్రములు లేకుండెను. నేటి బాలురు సెల్‌ఫోనునందును కంప్యూటరునందును ఆడెడి యాటలలో, ముఖ్యముగా గ్రహాంతర యుద్ధములను కల్పించి చూపెడి వైజ్ఞానిక కల్పనల ఆటలలో, సిపాయి మొదలు సేనాపతి వరకు గల పదవులన్నియు వరుసగా నమర్చబడియున్నవి. పదునాలుగేండ్ల బాలుడు ఆదివారము సాయంకాలమునకు కెప్టెనును, దసరా సెలవులు ముగియు నాటికి కర్నలును అగుచున్నాడు. దీనిని గూర్చి తల్లిదండ్రులు విసుగుకొనుటయే గాని విచారించుట అరుదు. ఆ పదవులు మన పిల్లలకు ఏమి నేర్పుచున్నవి, ఏమి నేర్పకున్నవి యని యోచించుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఇది మన సీమకు దూరమైన విషయమని ఎవ్వరును తలంపరాదు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతములు ఒకనాడు పాళెగాండ్ర యేలుబడిలో నుండినవి. దళవాయి యనియు, కట్టుబడి బంట్రోతులనియు పేరుగల ఉద్యోగములు మన తాతముత్తాతలు ఎరిగినవే. కట్టుబడివాడు సేవకు బదులుగా ఇనాము భూమిని అనుభవించెడివాడు; పదవియు పనియు విడదీయరానివై యుండెను. నేడు కలికిరిలో 2014లో వెలసిన సైనిక పాఠశాల కలదు. అంగళ్లులో 1998లో స్థాపింపబడిన ఇంజనీరింగు కళాశాల కలదు. మన బాలబాలికలలో కొందరు రేపు నిజమైన సేనలో ఆజ్ఞల నిచ్చువారును, పాటించువారును కావచ్చును. మరికొందరు ఇట్టి యాటలను తామే రచించువారు కావచ్చును. కావున ఇరుతెగలవారికిని ఈ విచారము అవసరమే.

మొదట నిజమైన సేన యెట్లు నడచునో చూతము. మన దేశపు స్థలసేనయందు సుమారు పదిమంది జవానులు ఒక సెక్షను. దానికి హవల్దారు పెద్ద. మూడు సెక్షనులు ఒక ప్లాటూను. దానిని చాలచోట్ల సుబేదారుగాని నాయబ్ సుబేదారుగాని నడపును. మూడు ప్లాటూనులు ఒక కంపెనీ; దానికి మేజరు అధిపతి. ఇట్టి కంపెనీలు కొన్ని కూడి సుమారు ఎనిమిదివందల మందితో పటాలమగును; దానికి కర్నలు అధిపతి. ఈ కట్టుబాటులోని సూత్రము మిక్కిలి సులభము. ప్రతివానికిని పైన నొక్కడే అధికారి. ఆజ్ఞ పైనుండి క్రిందికి దిగును. వార్త క్రిందినుండి పైకి ఎక్కును. ఏ యొక్కడును ఎనిమిదివందల మందికి నేరుగా చెప్పడు. ఒక్కొక్కడు తన చేతిక్రింది కొద్దిమందికి మాత్రమే చెప్పును. వారి మంచిచెడ్డలకు తన పైవానికి జవాబు చెప్పుకొనును.

ఈ పదవులు ఎందులకు కల్పింపబడినవి? గౌరవమునకని బాలురు తలంతురు. అసలు కారణము వేరు. యుద్ధభూమియందు నాయకుడు ఏ క్షణముననైనను కూలవచ్చును. కూలిన మరుక్షణమున ‘ఇపుడెవ్వరి మాట వినవలెను?’ అను ప్రశ్న పుట్టరాదు. మేజరు పడినచో కెప్టెను, హవల్దారు పడినచో నాయక్, చర్చ లేకుండ భారమును ఎత్తుకొనవలెను. భుజముపైని నక్షత్రములును, చేతిపైని పట్టీలును, పొగలోను చీకటిలోను ఒకరినొకరు ఎరుగనివారుకూడ ఎవ్వరి ఆజ్ఞను వినవలయునో తెలిసికొనుటకై ఏర్పడిన గురుతులు. అనగా పదవుల వరుసయంతయు, మనిషి మరణించునను సత్యముపై కట్టబడినది.

ఇపుడు ఆటలను పరీక్షింతము. 2012లో వెలువడిన ఎక్స్‌కామ్ అను ఆటలో గ్రహాంతరవాసులు భూమిపై దండెత్తుదురు. ఆడువాడు సేనాధిపతియై సిపాయిలను పంపవలెను. కొత్తగా చేరినవాడు శత్రువులను చంపినకొలదిని కార్పొరలు, సార్జెంటు, లెఫ్టినెంటు, కెప్టెను, మేజరు అగుచు తుదకు కర్నలగును. కాని ఆ కర్నలు ఏమి చేయును? మరి అయిదుగురితో కలిసి తుపాకి పట్టుకొని వీధిలో పరుగెత్తును! నిజమైన కర్నలు ఎనిమిదివందల మంది తిండి, మందు, సెలవు, శిక్ష, ఇంటి కష్టము మొదలగువానినెల్ల చూచుకొనవలసినవాడు. ఆటలో పదవి పెరిగినచో గురి హెచ్చును, శక్తి హెచ్చును. బాధ్యత మాత్రము ఆవగింజంతయు పెరుగదు. 2010నాటి హేలో రీచ్ అను ఆటలో నైతే, ఆడినకొలదిని లభించు మార్కులతోనే రిక్రూటు స్థితినుండి జనరలు దాటి పై మెట్లవరకు ఎక్కవచ్చును. అచ్చట జనరలు అనగా ఎక్కువ కాలము ఆడినవాడని మాత్రమే యర్థము. పదవి బహుమానమైపోయినది.

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. సాధారణముగా ఈ యాటలలో కథానాయకుడు కూలినచో లోకమే నిలిచిపోవును. తెర నల్లబడును, మరల కొంత వెనుకనుండి ఆట మొదలగును. అతని తరువాతివాడు ముందునకు వచ్చి భారమును ఎత్తుకొనుట యనునది సాధారణముగా జరుగదు. పదవుల వరుసకు ప్రాణమైన కారణమే లోపించినపుడు, మిగిలినది అలంకారము మాత్రమే. అట్టి యాటకు అలవడిన బాలుడు తాను లేనిచో జట్టు లేదని తలంచును. నిజమైన నాయకుడో, తాను లేకపోయినను జట్టు నడచునట్లు తన క్రిందివానికి పని నేర్పి యుంచును. మా యభిప్రాయమున నాయకత్వమునకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

అయినను ఈ యాటలయందు మంచి లేదని చెప్పుట అన్యాయము. 2001లో వెలువడిన హేలో అను ఆటలోని నాయకుడు లోకప్రసిద్ధుడైన ‘మాస్టర్ చీఫ్’. అది పేరు కాదు, పదవి. నౌకాసేనలో మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసరు. మన నౌకాదళమునను ఈ పేరుగల పదవులు కలవు. అవి స్థలసేనలోని సుబేదారు, సుబేదారు మేజరు పదవులకు దీటైనవి. లోకమును రక్షించు వీరునికి అడ్మిరలు పదవి నీయక, చిన్న లెఫ్టినెంటుకుకూడ నమస్కరింపవలసిన పదవి నిచ్చుట ఆ కథకులు చేసిన మంచిపని. పని గొప్పదగుటకు పదవి గొప్పది కానక్కరలేదని బాలురు దానివలన గ్రహింపవచ్చును. 2007నాటి మాస్ ఎఫెక్ట్ అను ఆటలో షెపర్డ్ అను కమాండరు ఒకానొక గ్రహముపై తన క్రింది యిద్దరు యోధులలో ఒక్కరినే రక్షింపగలడు; రెండవవారు మరణింపక తప్పదు. ఎవ్వరిని ఎన్నుకొన్నను ఆ మరణము కథ తుదివరకు వెంటాడును. ఆజ్ఞ యిచ్చుట యనగా ఏమో ఆ ఘట్టము కొంతవరకైనను చూపును.

ఇక ఆజ్ఞను ధిక్కరించుటను గూర్చి. ఈ కథలలోని వీరులు తరచుగా పై యధికారి మాట కాదందురు. 2012నాటి నాల్గవ హేలోలో మాస్టర్ చీఫ్ తన కెప్టెను ఆజ్ఞను అందరి యెదుటను నిరాకరించును. షెపర్డ్ తనను నిలిపివేసిన పెద్దల కన్నుగప్పి ఓడను తీసికొనిపోవును. తుదకు వీరుడే ఒప్పని తేలును, తేలక యేమగును? కథకుడు ముందుగనే అట్లు నిర్ణయించి యున్నాడు గదా! దీనిని చూచి ‘పెద్దలు తెలివిలేనివారు, నాకు తోచినదే సత్యము’ అని తలంచు బాలుడు మోసపోవును. ఆటలో ధిక్కారమునకు వెల లేదు.

వెల యున్న ధిక్కారము ఎట్టిదో మన దేశచరిత్ర చెప్పుచున్నది. 1919 ఏప్రిల్ 13న అమృతసరములోని జలియన్‌వాలా బాగునందు జనరల్ డయ్యరు కాల్చుడనగా సిపాయిలు కాల్చిరి. నిరాయుధులైన జనముపై 1650 గుండ్లు పేలినవి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 379 మంది మరణించిరి. ఆజ్ఞాపరంపర ఆనాడు ఏ లోపమును లేక నడచినది, నడచుటయే ఘోరమైనది. పదునొకండు సంవత్సరముల పిమ్మట 1930 ఏప్రిల్ 23న పెషావరులో గఢ్వాలు పటాలమునకు అట్టి యాజ్ఞయే వచ్చెను. హవల్దారు చంద్రసింగును, అతని తోడివారును నిరాయుధులపై కాల్చ నిరాకరించిరి. వారు పారిపోలేదు, తిరుగుబాటు చేసి అధికారులను చంపలేదు, సైనిక న్యాయస్థానము ఎదుట నిలిచిరి. చంద్రసింగునకు యావజ్జీవ శిక్ష పడెను. 1941లో గాని అతడు విడుదల కాలేదు. తన కొరకుగాక దుర్బలుల కొరకు నిరాకరించుట, నిరాకరించి శిక్షను తలదాల్చుట, ఈ రెండును ఉన్నపుడే ధిక్కారము ధర్మమగును. లేనిచో అది గర్వము.

స్వతంత్ర భారతదేశపు సేనా చట్టము (1950) సయితము ‘న్యాయసమ్మతమైన ఆజ్ఞ’ను ధిక్కరించుటనే నేరమనుచున్నది, ఏ యాజ్ఞయైనను అని చెప్పుటలేదు. 1945-46లో న్యూరెంబర్గు న్యాయస్థానమును, పైవాడు చెప్పెను గావున చేసితిమను సమాధానము ఘోరకృత్యములకు విముక్తి నీయదని తీర్పుచెప్పెను. విధేయతకు హద్దు కలదని లోకమెల్ల ఒప్పుకొన్నది. ఆ హద్దును ఎరుగుటకు వివేకము కావలెను. వివేకము మీట నొక్కిన లభించునది కాదు.

పదవిని వదలుటయు ఒక గొప్పతనమే యని మన మదనపల్లెకు బాగుగా తెలియవలెను. రవీంద్రనాథ ఠాకూరు 1919 ఫిబ్రవరిలో మన పట్టణపు దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించెను. ఆ పిమ్మట మూడు నెలలకే, మే 31న, జలియన్‌వాలా దురంతమును నిరసించుచు, ప్రభువులు 1915లో తనకిచ్చిన ‘సర్’ బిరుదమును త్యజించుచు రాజప్రతినిధికి లేఖ వ్రాసెను. బిరుదమును సంపాదించుటకు ఎన్ని యాటలు నేర్పును! వదలవలసిన వేళను నేర్పు ఆట యేదియు మాకు కానరాలేదు.

మన సీమకు మరియు దగ్గరగా నొక ఉదాహరణము కలదు. దానిని మేము వినయముతో స్మరించుచున్నాము. అంగళ్లు కురబలకోట మండలములోనిది. ఆ మండలములోని పల్లెవాడే లాన్స్ నాయక్ సాయితేజ. లాన్స్ నాయక్ అనునది సిపాయికి పై మెట్టు మాత్రమే. ఆయన మన దేశపు మొదటి త్రివిధ దళాధిపతియగు జనరల్ బిపిన్ రావత్ గారి అంగరక్షకులలో ఒకడు. 2021 డిసెంబరు 8న తమిళనాట కూనూరు చెంత హెలికాప్టరు కూలి, దానిలోని పదునలుగురిలో పదుముగ్గురు ఆనాడే మరణించిరి; పదునాల్గవవాడగు గ్రూపు కెప్టెన్ వరుణ్ సింగ్ వారము దినములకు కన్నుమూసెను. సైన్యమున అత్యున్నత పదవియందున్నవాడును, మొదటి మెట్టు దాటినవాడును ఒక్క ప్రమాదమున, ఒక్క విధినిర్వహణమున ఒరిగిరి. కొలది దినములలోనే స్థలసేనాపతి జనరల్ నరవణే సేనాధిపతుల సంఘమునకు అధ్యక్షత వహించెను, సేన నిలువలేదు. వరుస యున్నది అందులకే. కాని కురబలకోట పల్లెలోని ఆ యింటిలో ఖాళీయైన స్థానమునకు తరువాతివాడు లేడు. సేనలో పదవియనగా ఏమో తెలియగోరు బాలుడు ఈ రెండు సంగతులను కలిపి తలపోయవలెను.

అట్లైన ఈ యాటలను నిషేధింపవలెనా? వలదని మా మతము. నిషేధించిన వస్తువు మారుమూలకు పోవును గాని మాయము కాదు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఆడుచుండగా ఒక్క గంట ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలు వేయుడు. నీ క్రింద నున్నవా రెందరు, వారికి అన్నము పెట్టువా రెవరు? నీవు పడినచో నీ పని ఎవరు చేయుదురు? నీవు చేసినదానికి ఎవరికి జవాబు చెప్పుదువు? ఆట ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోవచ్చును. చెప్పలేదని మీ బిడ్డ గ్రహించుటయే లాభము.

ఉపాధ్యాయ మహాశయులకు మా విన్నపము వేరు. ఎన్.సి.సి. 1948నుండి మన దేశమున నడచుచున్నది. అందు కార్పొరలు, సార్జెంటు పట్టీలు ధరించు కేడెట్లున్నారు. తరగతికొక నాయకుడును, ఆటకొక కెప్టెనును పాఠశాలలలో నుందురు. ఆ పదవులు ఎల్లపుడును మొదటి మార్కులవానికే పోవుచున్నచో, మనమును వీడియో ఆటవలెనే పదవిని బహుమానముగా పంచుచున్నవారమగుదుము. నెలకొకరు చొప్పున వంతువేసి, బిడియపువానికిని, వెనుక బెంచీవానికిని ఆ భారము మోయించుట మంచిది. నాయకుడై దిగినవాడు మరునెలలో వేరొకని మాట వినుట నేర్చును. వినుట నేర్చినవాడు మరల చెప్పునపుడు మృదువుగా చెప్పును.

బాలబాలికలారా, ఆడుకొనుడు. మాస్టర్ చీఫ్‌తో కలిసి నక్షత్రములను చూచి రండు. మీలో ఒకరు అంగళ్లులో కంప్యూటరు విద్య నభ్యసించి తామే యొక ఆటను రచింతురేని, అందు నాయకుడు కూలినపుడు తెరను నల్లబరపక, వాని ప్రక్కనున్న చిన్న పదవివానిని ముందునకు నడిపింపుడు. పదవి పెరిగినపుడు వాని తుపాకికి బలము పెంచుటకు బదులు, వాడు కాపాడవలసినవారి సంఖ్యను పెంపుడు. అట్టి యాట వచ్చిననాడు మేమును నేర్చుకొని ఆడుదుము.