పేరంటం పిలుపు ఆగిపోయాక...

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు కదా. అప్పట్నుంచీ ఎక్కడ విన్నా ఒకటే చర్చ. ఆటోవాళ్ల గతేమిటి, ఆర్టీసీకి నష్టమెంత, సీట్ల కోసం ఈ కొట్లాటలేమిటి అని. అడగాల్సిన ప్రశ్నలే. నేను చెప్పబోయేది మాత్రం ఎవరి లెక్కల్లోకీ రాని సంగతి. ఆ జీరో టిక్కెట్టు పట్టుకుని దసరాకి ముందు మేం ఆరుగురం విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్లాం. అందరం అరవై దాటినవాళ్లమే. పనేమీ లేదు. స్నేహితురాలిని చూడ్డానికి, అంతే.

"పనేమీ లేదు" అని రాయడానికే నాకు కాస్త బెరుగ్గా ఉంది, చూశారా!

సత్యనారాయణపురంలో మా ఇంట్లో శనివారం మధ్యాహ్నం కొంతమందిమి కలుస్తాం. లలితా సహస్రనామ పారాయణ అని మొదలుపెట్టాం. పారాయణ అరగంట, కబుర్లు గంటన్నర! తర్వాత చీటీ కూడా వేశాం. ఇంట్లో అడిగితే "పారాయణకి" అనో "చీటీ పాటకి" అనో చెప్పి వస్తారు. "కబుర్లు చెప్పుకోడానికి వెళ్తున్నా" అని ఒక్కరం కూడా అనలేదు. మగవాళ్లు టీకొట్టు దగ్గర రెండు గంటలు నిలబడితే ఎవరూ కారణం అడగరు. మనకి మాత్రం దేవుడో, డబ్బో, సేవో సాకుగా ఉండాలి. అమెరికాలో స్యూ ఎలెన్ కూపర్ అనే ఆవిడ 1998లో మొదలుపెట్టిన రెడ్ హ్యాట్ సొసైటీలో యాభై దాటిన ఆడవాళ్లు ఎర్రటోపీలు పెట్టుకుని కేవలం సరదాకి కలుస్తారట. టోపీలు మనకెందుకు గానీ, సాకు లేకుండా కలవడమన్నది మాత్రం నాకు నచ్చింది.

మన దగ్గర సమాజాలు లేక కాదు. నందిగామ ప్రాంతంలో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లోనే మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆడది గడప దాటి నలుగురిలో కూర్చోవడమే వింతైన రోజులవి. ఆ కాలపు సమాజాలకి చదువు, సంస్కరణ వంటి పెద్ద పనులుండేవి. అంతకు ముందూ ఆ తర్వాతా మనవాళ్లకి అసలు క్లబ్బు ఏదంటే పేరంటమే. కాళ్లకి పసుపు, చేతిలో తాంబూలం, ఆ పేరుతో కాసేపు నవ్వులు. కానీ ఈ క్లబ్బుకో నియమం ఉంది. భర్త పోయిన రోజే సభ్యత్వం పోతుంది. ఏ వయసులో తోడు ఎక్కువ కావాలో సరిగ్గా ఆ వయసులోనే పిలుపు ఆగిపోతుంది.

ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. చల్లపల్లి అక్కయ్యగారు నాలుగేళ్లు మా శనివారం జట్టులో మనిషి. వేసవిలో వాళ్లాయన పోయారు. శ్రావణంలో మా ఇంట్లో వరలక్ష్మీవ్రతానికి వీధంతా పిలిచి ఆవిణ్ణి నేనే వదిలేశాను. "వస్తే ఆవిడే బాధపడుతుంది" అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత ఆవిడ శనివారాలకీ రాలేదు. పిల్లలిద్దరూ డల్లాస్‌లో. ఇక్కడి వాటా ఖాళీ చేసి చల్లపల్లిలో సొంతింటికి వెళ్లిపోయారు.

మేం వెళ్లిన రోజు కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, నెమ్మదిగా అన్నారు. "వాయనం లేకపోతే లేకపోయింది, కబురైనా చెయ్యొచ్చుగా. మా ఆయన పోతే మీరంతా కూడా పోయారేమిటర్రా?"

ఉయ్యూరు దాటేదాకా తిరుగుబస్సులో ఎవరం మాట్లాడుకోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోంది. ఏటా 8 లక్షల 71 వేలకు పైగా మరణాలకి దానితో సంబంధం ఉందని అంచనా. అంటే ఇది కాలక్షేపం సంగతి కాదు, బీపీ, షుగర్ల వరసలోది. మన ముఖ్యమంత్రి 2024 అక్టోబరులో రాష్ట్రంలో వృద్ధులు పెరుగుతున్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అన్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా తీసేశారు. రేపు పుట్టేవాళ్ల సంగతి సరే. ఇవాళ ఉన్న ముసలివాళ్లు మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ కూర్చోవాలి? భర్త మనకంటే పెద్ద, ఆయుష్షు మనకి ఎక్కువ. కాబట్టి చివరి ఏళ్లు ఒంటరిగా గడపాల్సింది ఎక్కువగా ఆడవాళ్లే. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు కృష్ణా జిల్లాలో ఏ ఊళ్లో లేవు?

ఉచిత బస్సు చేసిన మేలు చార్జీ మిగలడం ఒక్కటే కాదు. "ఎక్కడికి, ఎందుకు" అని చెప్పి కొడుకుని డబ్బడిగే పని తప్పింది. అయితే బస్సు మెట్టు మా మోకాళ్లకి అందదు. దిగాక శుభ్రమైన బాత్రూము లేకపోతే పొద్దుటి నుంచీ మంచినీళ్లు మానేసి కూర్చోవాలి. అపార్టుమెంట్లలో పెళ్లిళ్లకి అద్దెకిచ్చే హాలు వారంలో ఎక్కువ రోజులు తాళంతోనే ఉంటుంది. రెండు గంటలు తెరిచి, ఓ ఫ్యాను వేస్తే అసోసియేషన్‌కి పోయేదేముంది?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకీ అరవై దాటాయి. ఆమె స్నేహితులతో రామాలయం మెట్ల మీద కూర్చుంటుంది. మా శనివారాల్లో ఆమె లేదు. ఎందుకు లేదో నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

అక్కయ్యగారు ఇప్పుడు నెలకి రెండు శనివారాలు వస్తున్నారు. బస్టాండుకి నేనే ఎదురు వెళ్తాను. వచ్చే శ్రావణానికి ఆవిడకీ బొట్టుపెట్టి పిలుద్దామంటే మాలో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు.