ఆరోగ్య బీమా: వెల కంటె షరతు ముఖ్యము

విత్తన సంచి కొనునపుడు దానిపై నున్న బొమ్మను చూచి మోసపోవలదనియు, చీటిపై నున్న మొలకశాతమును, గడువును చదువుకొనవలెననియు మేము ఏండ్ల తరబడి సభ్యులకు చెప్పుచున్నాము. ఆ మాటనే నేడు ఆరోగ్య బీమాను గూర్చి చెప్పవలసి వచ్చినది.

మన సభ్యుల బిడ్డలు పలువురు కొత్తగూడ, హైటెక్ సిటీ ప్రాంతములందలి కంపెనీలలో కొలువు చేయుచున్నారు. కొలువున్నంతకాలము కంపెనీవారి సామూహిక బీమా వారిని, కొన్నియెడల తల్లిదండ్రులను గూడ కాపాడును. కొలువు పోయిన నాడు ఆ నీడయు పోవును. ఇటీవల అట్లు కొలువు మానిన యువకుడొకడు తండ్రితో గూడ వచ్చి, "ఏ పాలసీ చౌక?" అని మమ్మడిగెను. "ఏ షరతులకు లోబడి సొమ్మిత్తురు?" అని ముందుగా అడుగవలెనని మా యభిప్రాయము.

మొదట మనకు ఉన్నదేమో తెలిసికొందము. 2018లో ఆరంభమైన రైతు బీమా రైతు మరణించినపుడు కుటుంబమునకు 5 లక్షల రూపాయల నిచ్చుటకు ఏర్పడినది. ఆసుపత్రి ఖర్చులకు అది పనికిరాదు. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ అర్హులైన కుటుంబములకు గొప్ప యండ. తెలంగాణములో 2023 డిసెంబరు నుండి దాని పరిమితి 10 లక్షలు. అయినను అది జాబితాలోని చికిత్సలకే, ఒప్పందము గల ఆసుపత్రులందే చెల్లును. దానికి అర్హత లేనివారు సొంత పాలసీని గూర్చి ఆలోచింపక తప్పదు.

పాలసీలో మొదట చూడవలసినది నిరీక్షణ కాలము. తొలి 30 దినములు ప్రమాదములకు తప్ప జబ్బులకు సొమ్ము రాదు. పూర్వమే యున్న జబ్బులకు 2024 నియమముల ప్రకారము ఈ గడువు 3 ఏండ్లవరకు ఉండవచ్చును. కావున ఆరోగ్యముగా నున్ననాడే కొనవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్విన నేమి ఫలము?

రెండవది గది అద్దె. 3 లక్షల పాలసీలో దినమునకు నూటికొక వంతు, అనగా 3,000 రూపాయల గదికే అనుమతి యున్నదనుకొందము. రోగి 6,000 రూపాయల గదిలో చేరినచో, అద్దెలో మాత్రమే గాక వైద్యుని ఫీజు, శస్త్రచికిత్స మొదలగు ఖర్చులలో గూడ సగమే చెల్లింతురు. ఆ ఖర్చు 1,20,000 అయినచో 60,000 మన చేతినుండి పోవును. మందులకు ఈ కోత లేదు. ఇట్టి కట్టుబాటు లేని పాలసీలును కలవు. వెల కొంత హెచ్చు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సత్యము. మా బంధువొకరు ఏజెంటు మాట విని తమ మధుమేహమును దరఖాస్తులో దాచిరి. రెండవ యేటనే గుండెజబ్బు వచ్చెను. పాత మందుల చీటీలు బయటపడగా కంపెనీవారు సొమ్ము నిరాకరించిరి. నిజము చెప్పియున్నచో ప్రీమియము కొంత పెరిగెడిది. దాచినందున ఎకరము మాగాణి అమ్మవలసివచ్చెను. ఏజెంటు దోషము లేకపోలేదు. కాని సంతకము వారిది. ఆ దరఖాస్తు మా యింటి బల్లమీదనే రెండు దినములుండినను, మేమును చదువక ఊరకుంటిమి. ఆ పశ్చాత్తాపమే మాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

మొదటిసారి కొనువారికి ఒక కొలబద్ద కలదు. 2020 ఏప్రిలు నుండి కంపెనీలు ఒకే విధమైన షరతులతో "ఆరోగ్య సంజీవని" యను పాలసీని అమ్ముచున్నవి. ఇందు బిల్లులో నూటికి 5 వంతులు రోగియే భరింపవలెను. దీనిని ప్రక్కన బెట్టుకొని తక్కినవానిని పోల్చుట సుళువు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తొలగినది గనుక భారమును కొంత తగ్గినది. పత్రము చేతికందిన 30 దినములలో నచ్చకున్న త్రిప్పి యీయవచ్చును. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము కొత్తగూడకు అనతిదూరమున నానక్‌రామ్‌గూడలోనే యున్నది. కంపెనీ న్యాయము చేయనిచో బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే మొరపెట్టుకొనవచ్చును.

పొరుగున కర్ణాటకములో 2003లో సహకార సభ్యులైన రైతులు నెలకు 5 రూపాయల చొప్పున చెల్లించి "యశస్వినీ" పథకమున శస్త్రచికిత్సలు పొందిరి. అంతటి పని మన సంఘమునకు నేడే సాధ్యము కాకపోవచ్చును. కాని నెలకొక దినము సంఘ కార్యాలయమున చదువుకొన్నవారొకరు కూర్చుండి, సభ్యులు తెచ్చిన దరఖాస్తులను సంతకమునకు ముందే తెనుగున చదివి వినిపించుట కేమి కష్టము? దీనికి ధనమక్కరలేదు, ఓపిక చాలును. పాలకవర్గమువారు ఈ సూచనను రాబోవు సమావేశమున చర్చింపవలెనని కోరుచున్నాము. మొదటి దినమున చదువుటకు మేము సిద్ధముగా నున్నాము.