అవే సర్దుకుంటాయా?

"కొత్త షూలు వేశాం సార్" అన్నాడు మెకానిక్కు, మావారితో. కారు నడిపేది నేను! మా మామగారి నాటి అంబాసిడర్. 2014లో వాటి తయారీ ఆగిపోయినా మా ఇంట్లో దాని పెత్తనం ఆగలేదు.

పెడల్ లోతుగా పోతోందన్నాను. "అవే సర్దుకుంటాయమ్మా, మీకెందుకు?" అన్నాడు. మర్నాడు సింహాచలం కొండ దిగుతుంటే పెడల్ అడుగుకంటా పోయింది. వెనక సీట్లో పిల్లలు. మూడుసార్లు తొక్కితేగానీ బండి ఆగలేదు.

ఏం సర్దుకుంటాయండీ? కొత్త జాకెట్టయినా ఒకసారి తొడుక్కుని చూసుకుంటామే! షూ కొత్తదైతే చాలదు, డ్రమ్ముకి దగ్గరగా ఉండాలి. చక్రం పైకెత్తి, అది తిరక్కుండా పట్టేసేదాకా అడ్జస్టరు బిగించి, మళ్లీ తేలిగ్గా తిరిగేదాకా కాస్త వదలాలి. పెడల్ గట్టిగా తొక్కి, షూలు కుదురుకున్నాక ఇంకోసారి చూడాలి. ఇలా నాలుగు చక్రాలకీ. బద్ధకించి వదులుగా వదిలేస్తే నాకు పట్టిన గతే. మరీ బిగిస్తే డ్రమ్ము పెనంలా కాగుతుంది. కొన్నాళ్లు తిరిగి కొత్త షూలు ఒరుసుకున్నాక మళ్లీ సరిచెయ్యాలి. ఆ మాట బిల్లు రాసేటప్పుడు ఒక్కరూ చెప్పరేం?

ఈసారి నాలుగు చక్రాలూ నా చేత్తో తిప్పి చూశాకే డబ్బులిచ్చాను. మావారు అవతల టీ తాగుతున్నారు.