ముంబై లోకల్: తలుపులు మూస్తే సరిపోతుందా?

2025 జూన్ 9 ఉదయం దివా, ముంబ్రా స్టేషన్ల మధ్య మలుపులో రెండు లోకళ్లు ఎదురెదురుగా దాటుతుండగా, తలుపుల దగ్గర వేలాడుతున్న ప్రయాణికులు పట్టాల మీద పడిపోయారు. కనీసం నలుగురు చనిపోయారు. వారిలో ఒక రైల్వే పోలీసు కానిస్టేబుల్ కూడా ఉన్నారు. ముంబైకి కొత్తగా వచ్చే లోకళ్లన్నిటికీ వాటంతట అవే మూసుకునే తలుపులు ఉంటాయని, పాత డబ్బాలకూ బిగిస్తామని రైల్వే బోర్డు ఆ రోజే ప్రకటించింది.

అంతటితో కథ ముగియలేదు. వేలాడుతున్న ప్రయాణికుడి వీపు సంచి అవతలి వారికి తగలడమే కారణమని రైల్వే సొంత విచారణ తేల్చింది. రైల్వే పోలీసులు మాత్రం వీజేటీఐ నిపుణుల నివేదిక ఆధారంగా ట్రాక్ నిర్వహణలో లోపం ఉందంటూ ఇద్దరు ఇంజనీర్ల మీద కేసు పెట్టారు. దానికి నిరసనగా నవంబరు 6 సాయంత్రం, సరిగ్గా జనం ఇళ్లకు బయలుదేరే వేళ, సీఎస్‌ఎంటీలో ఉద్యోగులు ఆందోళనకు దిగారు. లోకళ్లు నిలిచిపోయాయి. విసిగిపోయి దిగి పట్టాల వెంట నడుస్తున్నవారిని శాండ్‌హర్స్ట్ రోడ్ దగ్గర మరో లోకల్ ఢీకొంది. ఇంకో ఇద్దరు పోయారు.

జూన్ నుంచి నవంబరు దాకా జరిగిన ఈ వరుస చూస్తే మాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. ప్రయాణికుడి భద్రత వేరు, పట్టాల మీద పనిచేసే కార్మికుడి భద్రత వేరు అని విడదీసి మాట్లాడినంత కాలం రెండూ దక్కవు.

ఇది మన ఇళ్లకు దూరపు సంగతి కాదు. కామాఠిపురా పేరే మనవాళ్ల కూలి చరిత్ర. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ మిల్లుల చుట్టూ చాళ్లలో బతికిన కుటుంబాలు, 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడుతూ వచ్చాక, చాలావరకు కల్యాణ్, డోంబివలి, అంబర్‌నాథ్, బద్లాపూర్ వైపు, అటు వసై, విరార్ వైపు జరిగాయి. తాత మిల్లుకు నడిచి వెళ్లేవాడు. మనవడు గంటన్నర లోకల్లో నిలబడి వెళ్తున్నాడు.

ఈ రైళ్లలో రోజుకు సుమారు 75 లక్షల మంది ప్రయాణిస్తారు. 2023లో ఒక్క ఏడాదే పట్టాల మీద 2,590 మంది ప్రాణాలు పోయాయని బొంబాయి హైకోర్టు ముందున్న ప్రజాప్రయోజన వ్యాజ్యంలో లెక్క చూపారు. అంటే రోజుకు ఏడుగురు. 2024లో ఆ వ్యాజ్యం విచారణలో ప్రయాణికులను పశువుల్లా తీసుకెళ్లడం సిగ్గుచేటని ప్రధాన న్యాయమూర్తి మందలించారు. చనిపోయేవారిలో ఎక్కువమంది పట్టాలు దాటుతూ పోయేవారే. తలుపు నుంచి పడిపోయేవారు ఆ తర్వాత.

ఇక తలుపుల సంగతి. ఏసీ లోకల్ 2017 డిసెంబరు 25న మొదలైంది. అందులో తలుపులు మూసుకుంటాయి, ఎవరూ వేలాడరు. కానీ ఆ టికెట్ అందరికీ అందేది కాదు. ఏసీ లేని డబ్బాలో తలుపులు మూస్తే ఊపిరాడదు. అందుకే తలుపులకు గాలి ఆడే రెక్కలు, పైకప్పు మీద గాలిని లోపలికి పంపే యంత్రాలు, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు దారి పెడతామంటున్నారు. మంచిదే, రావాలి. మా అనుమానం వేరే చోట ఉంది. స్టేషన్లో లోకల్ ఆగేది అర నిమిషం లోపే. దాదర్‌లో ఒక్క తలుపుకు ఒక్క సంచి అడ్డుపడితే బండి కదలదు. వెనక మూడు నాలుగు నిమిషాలకొకటి చొప్పున వచ్చే బండ్లన్నీ ఆగుతాయి. పైగా ఇప్పుడు బయటికి వేలాడుతున్నవారు ఎక్కడికి పోతారు? ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోతారు. మెట్ల మీద, వంతెన మీద పోగవుతారు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. ఆ రోజు వాళ్లను మింగింది కదిలే రైలు కాదు, ఇరుకు మెట్లు. తలుపులు మూసేలోగా వంతెనలు వెడల్పు కావాలి, 12 డబ్బాల బండ్లు 15 డబ్బాలు కావాలి. ఈ వరుస తప్పితే చావు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుంది, అంతే.

ఆఫీసు వేళలు మార్చుకోమని సెంట్రల్ రైల్వే సంస్థలకు లేఖలు రాసింది. గంట ఆలస్యంగా వస్తే జీతం కోసే యజమాని దగ్గర పనిచేసేవారికి ఆ లేఖ ఏం ఉపయోగపడుతుందో మాకైతే తెలియదు.

ఇప్పుడు పట్టాల మీదున్న మనిషిని చూద్దాం. 2024 జనవరి 22 రాత్రి వసై రోడ్, నాయిగావ్ మధ్య సిగ్నల్ లోపం సరిచేయడానికి వెళ్లిన ముగ్గురు వెస్టర్న్ రైల్వే ఉద్యోగులను లోకల్ ఢీకొట్టింది. ముగ్గురూ చనిపోయారు. రైళ్లు నడుస్తుండగానే మరమ్మతు చేయాల్సి రావడం ఇక్కడ మామూలైపోయింది. రోజుకు మూడు వేలకు పైగా సర్వీసులు నడిచే ఈ దారుల్లో రాత్రి దొరికే ఖాళీ రెండు మూడు గంటలే. మిగిలిన పని ఆదివారం మెగా బ్లాక్‌లో చేయాలి. బండి వస్తోందని ముందుగా హెచ్చరించే 'రక్షక్' లాంటి చేతి పరికరాలు ఉన్నాయి. అవి పట్టాల మీదికి దిగే ప్రతి బృందం చేతికీ అందాలి. అయితే ఏ పరికరమూ బ్లాక్‌కు సాటిరాదు. రైలే రాని చోట పనిచేసే మనిషికి హెచ్చరిక అక్కర్లేదు.

మెగా బ్లాక్ అనగానే మనందరం తిట్టుకుంటాం. పెళ్లికి ఆలస్యమైందని, దాదర్‌లో మీటింగ్ తప్పిందని. ఆ తిట్ల ఒత్తిడికే బ్లాకులు కుదించుకుపోతాయి. బ్లాక్ కుదిస్తే పట్టా సరిగా పడదు. పట్టా సరిగా లేకపోతే మలుపులో డబ్బా ఊగుతుంది. ఆ ఊపుకు ముందుగా జారేది తలుపు దగ్గరున్నవాడే. ముంబ్రాలో అదే జరిగిందని మేము తీర్పు చెప్పడం లేదు. దాన్ని తేల్చాల్సింది ఎవరన్నదే అసలు ప్రశ్న. రైల్వే తన ప్రమాదాన్ని తన అధికారులతోనే విచారించుకుంటే ప్రయాణికుడు నమ్మడు. పోలీసులు ఇద్దరు ఇంజనీర్ల మీద కేసు పెడితే ఉద్యోగి నమ్మడు. రైల్వే భద్రతా కమిషనర్ పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు, రైల్వే శాఖ కింద కాదు. ఆ ఏర్పాటు పెట్టిందే ఇలాంటి వేళల కోసం. ప్రయాణికులు డబ్బా నుంచి రాలిపడి చనిపోయే పెద్ద ఘటనలన్నిటినీ ఆ కమిషనర్ విచారించి, నివేదికను బయట పెట్టాలన్నది మా డిమాండు. ఇంజనీరు ఎన్ని గంటల బ్లాక్ అడిగాడు, పైవాళ్లు ఎన్ని ఇచ్చారు అన్నది కూడా అందులో ఉండాలి. ఉద్యోగ సంఘాలకూ ఒక మాట: న్యాయమైన నిరసనకు సాయంత్రం రద్దీ వేళ సరైన వేళ కాదు.

ఇదంతా సరయ్యేలోపు ఇంట్లో ఒక విషయం తెలిసి ఉండడం అవసరం. ప్రయాణిస్తూ పొరపాటున లోకల్ నుంచి పడి చనిపోతే 1989 రైల్వే చట్టం 124ఏ సెక్షన్ కింద కుటుంబానికి 8 లక్షల రూపాయల పరిహారం రావాలి. రైల్వే తప్పుందని నిరూపించాల్సిన పని లేదు. ఆత్మహత్య, మద్యం మత్తు వంటి మినహాయింపులు ఉన్నాయి. పట్టాలు దాటుతూ పోయినవారికి ఇది వర్తించదు. అందుకే పోలీసుల పంచనామాలో 'రైలు నుంచి పడి' అని రాశారా, 'పట్టాలు దాటుతూ' అని రాశారా అన్నది ఆ రోజే చదివి చూసుకోవాలి. దుఃఖంలో ఎవరూ చూడరు, తర్వాత అదే కాగితం అడ్డుపడుతుంది. శవం దగ్గర టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో పరిహారం నిరాకరించలేరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సీజన్ పాస్ ఫొటో ఒకటి ఇంట్లోవారి ఫోన్లో ఉంచుకుంటే మంచిది. మన కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది: ఊరి కాగితాల్లో ఇంటిపేరు ముందు, ఇక్కడి ఆధార్‌లో చివర. భార్య పేరు పుట్టింటి కాగితాల్లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. అవి ఇప్పుడే సరిచేయించుకోండి. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు గడువు ఏడాది. పేర్లు కలిపించుకోవడానికే అందులో సగం పోతుంది.