తెల్లచర్చి ఊరు

రుమేనియా దేశపు పటం ఇంట్లో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. నడుమ కార్పేతియన్ పర్వతాలు కొడవలి వలె వంపు తిరిగి కనిపిస్తాయి. ఆ వంపు లోపలి సీమ పేరు ట్రాన్సిల్వేనియా. డ్రాకులా నవల చదివినవారికి ఈ పేరు వినగానే వెన్నులో చలి పుడుతుంది కాబోలు! నేను చెప్పబోయేది మాత్రం పిశాచాల కథ కాదు, మనుష్యుల కథ.

బ్రాషోవ్ పట్టణం నుండి సిగిషోవారాకు పోయే పెద్ద రోడ్డు వదలి కొండల మధ్యకు తిరిగితే, ఒక లోయలో విస్క్రి అనే చిన్న పల్లె ఉన్నది. చుట్టూ పచ్చిక బయళ్ళు, ఓక్ అడవులు. వీధికి ఇరుప్రక్కలా నీలం, ఆకుపచ్చ, పసుపు సున్నాలు వేసిన పెంకుటిళ్ళు. ప్రతి ఇంటికీ బండి పట్టే పెద్ద తలుపు. సాయంకాలం మంద తిరిగివచ్చే వేళ ఏ ఆవు ఇంటికి ఆ ఆవు తానే పోతుంది, ఎవరూ తోలనక్కరలేదు.

ఈ ఊరిని పెంచి పెద్దచేసినవారు జర్మనులు. 12వ శతాబ్దంలో హంగరీ రాజు రెండవ గేజా సరిహద్దుల రక్షణకు, సేద్యానికి పడమటి దేశాల నుండి వలసదారులను రప్పించాడు. వారికే సాక్సనులని పేరు వచ్చింది. ఊరి మిట్ట మీద తెల్లని చర్చి ఉండటం చేత ఊరిని తమ భాషలో 'వైస్‌కిర్ష్' అన్నారు, అంటే తెల్లచర్చి. అదే రుమేనియనుల నోట నలిగి విస్క్రి అయింది.

1241లో తాతారులు ఆ సీమపై పడి దోచుకున్నారు. తరువాత తురుష్కుల దండయాత్రలు. కోట కట్టించే ప్రభువు ప్రతి పల్లెకూ ఉంటాడా? అందుచేత సాక్సను రైతులు తమ చర్చి చుట్టూ తామే గోడలు, బురుజులు లేపుకున్నారు. విస్క్రిలో ఒక బురుజు పేరేమిటో తెలుసునా? పందిమాంసపు బురుజు! ఊరివారందరి ఉప్పుమాంసం అందులో వ్రేలాడదీసేవారు. గోడల లోపలే ధాన్యపు పెట్టెలు. ముట్టడి వచ్చినా పస్తు ఉండరాదన్నమాట.

గోడలకన్న నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచినది వారి 'ఇరుగుపొరుగు' సంఘాలు. సాక్సను పల్లెల్లో ఒక వీధివారందరూ ఒక సంఘం. ఎవరైనా ఇల్లు కట్టుకుంటే చేయి వేయాలి. ఎవరైనా పోతే గొయ్యి తీసి సాగనంపాలి. ఇది దయాధర్మం కాదు, కట్టుబాటు.

1918లో ట్రాన్సిల్వేనియా రుమేనియాలో చేరింది. 1945 జనవరిలో, పదిహేడు మొదలు నలభైయైదేళ్ళ లోపు జర్మను పురుషులను, పద్దెనిమిది మొదలు ముప్ఫయ్యేళ్ళ లోపు స్త్రీలను సోవియట్ గనులకు, కర్మాగారాలకు వెట్టికి తరలించారు. తిరిగి రానివారు ఎందరో! పిమ్మట కమ్యూనిస్టు ప్రభుత్వం తలకింత అని పశ్చిమ జర్మనీ వద్ద సొమ్ము పుచ్చుకుని జర్మనులను వెళ్ళనిచ్చింది. 1989 డిసెంబరు విప్లవంతో సరిహద్దులు తెరుచుకున్నాయి. 1990 ఒక్క సంవత్సరంలోనే లక్షకు పైగా జర్మనులు రుమేనియా విడిచిపోయారు. విస్క్రిలో మిగిలిన సాక్సనులను వేళ్ళమీద లెక్కించవచ్చు.

వారు కృతఘ్నులా? నేను అలా అనలేను. నలభైయేళ్ళు భయంతో, లేమితో గడిపినవాడికి తలుపు తెరుచుకుంటే అరుగు మీద కూర్చోమని ఎవరు చెప్పగలరు? కాని ఎనిమిది వందల యేళ్ళ ఊరు ఒకటి రెండేళ్ళలో ఖాళీ కావటం తలచుకుంటే గుండె బరువెక్కక మానదు. శత్రువు లోపలికి రాకుండా గోడ ఆపగలదు గాని, సొంతవారు బయటికి పోకుండా ఆపలేదు గదా!

అయితే ఊరు పాడుపడలేదు. 1999లో యునెస్కో ఈ కోటచర్చి గ్రామాన్ని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చింది. ఇంగ్లండు రాజు చార్లెస్, యువరాజుగా ఉండగా 2006లో, ఇక్కడ ఒక పాత ఇల్లు కొన్నారు. రాజుగారి పేరు విని యాత్రికులు వస్తున్నారు. మంచిదే. కాని ఊరిని నిలబెట్టినది అక్కడే ఉండిపోయిన రుమేనియనులు, జిప్సీ రోమాలు అని నా నమ్మకం. ఆడవారు ఉన్నిమేజోళ్ళు అల్లి జర్మనీకి అమ్ముకుంటున్నారు. మగవారు పాత పద్ధతినే సున్నంతో గోడలు పూస్తున్నారు. కట్టినవారు వేరు, కాపాడుతున్నవారు వేరు. ఊరు ఎవరిదంటే, ఈ యేడు పెంకులు సర్దించేవారిదే అని నేనంటాను.