మంచు దీవిలో రెండు బొగ్గులు

బొగ్గు ఎలా పుడుతుందో చిన్నప్పుడు బడిలో అందరమూ చదువుకున్నదే. చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు కూలి, వాటి మీద ఇసుకా బురదా పేరుకుని, ఆ బరువుకీ అడుగున ఉండే వేడికీ కోట్ల ఏళ్ళు మగ్గితే బొగ్గవుతుంది. కనుక బొగ్గు దొరికిన చోట ఒకప్పుడు అడవి ఉండి తీరాలి. మరి, చెట్టన్నది మచ్చుకైనా లేనిచోట బొగ్గు దొరికితే ఏమనుకోవాలి?

అటువంటి చోటు ఉన్నది. నార్వేకు ఉత్తరాన, 74వ అక్షాంశానికీ 81వ అక్షాంశానికీ మధ్య, స్వాల్‌బార్డ్ అనే దీవుల గుంపు. 1596లో డచ్చి నావికుడు బారెంట్స్ దూరం నుంచి అక్కడి కొండకొమ్ములను చూచి స్పిట్స్‌బెర్గెన్ అని పేరు పెట్టాడు. వాడికొండలు అని దాని అర్థం. నేలలో సగానికి పైగా మంచే. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనిపించడు. విల్లో జాతికి చెందిన మొక్క ఒకటి ఉన్నది కాని, అది నేలను కరుచుకుని పాకుతుందే తప్ప మన చీలమండ దాకా కూడా లేవదు. అటువంటి చోట 1906లో లాంగ్‌యియర్ అనే అమెరికను వచ్చి బొగ్గు గని తెరిచాడు. అతని పేరనే లాంగ్‌యియర్‌బియెన్ అనే ఊరు వెలిసింది. అక్కడికి 50 కిలోమీటర్ల దూరంలో పిరమిడెన్ అనే మరొక గనుల ఊరు పుట్టింది.

పైకి చూస్తే రెండు ఊళ్ళలోనూ తవ్వింది ఒకే నల్లబొగ్గు. కాని పిరమిడెన్ బొగ్గు వయస్సు సుమారు 35 కోట్ల సంవత్సరాలు, లాంగ్‌యియర్‌బియెన్ బొగ్గు వయస్సు సుమారు 6 కోట్ల సంవత్సరాలు. వయస్సులో మాట అలా ఉంచితే, అవి పుట్టిన కారణాలే వేరు. ఆ సంగతి తెలుసుకోవాలంటే అక్కడి రాళ్ళను చదవాలి.

నదులూ సముద్రాలూ తెచ్చిపోసిన ఇసుక, బురద, గుల్లలు పొరలుగా పేరుకుని గట్టిపడితే వాటిని అవక్షేప శిలలు అంటారు. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. భూమి తన లెక్కలు తానే రాసుకున్న దండకవిలె అన్నమాట. మామూలుగా అడుగు పుటలు చూడాలంటే లోతుగా తవ్వాలి. స్వాల్‌బార్డ్ పడమటి తీరాన ఫెస్ట్‌నింగెన్ అనేచోట ఆ శ్రమ లేదు. భూమి పొరలు ముడుచుకున్నప్పుడు అక్కడి రాళ్ళు నిటారుగా లేచి నిలబడినవి. బీరువాలో వరుసగా పేర్చిన పుస్తకాల లాగా ఉంటవి. తీరం వెంట కొన్ని కిలోమీటర్లు నడిస్తే చాలు, దాదాపు 30 కోట్ల సంవత్సరాలు దాటిపోవచ్చు!

ఈ దీవుల ఉత్తర భాగంలో అంతకంటె పాతవైన ఎర్ర ఇసుకరాళ్ళున్నవి. ఇనుము తుప్పు పట్టిన ఎరుపు అది. వెచ్చని సీమలో పారిన నదుల ఇసుక. అందులో సుమారు 40 కోట్ల ఏళ్ళనాటి దవడలు లేని చేపలు దొరికినవి. స్వీడను శాస్త్రజ్ఞుడు స్టెన్‌సియో ఆ చేపల పుర్రెలను పొర తరువాత పొరగా అరగదీసి, లోపల నరాలూ రక్తనాళాలూ నడిచిన దారులను గుర్తించి 1927లో పెద్ద గ్రంథం వెలువరించాడు. 38 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ నిలిచిన అడవి మొదళ్ళు, నిలుచున్నవి నిలుచున్నట్టే రాయిగా మారి ఉండగా బ్రిటిషు శాస్త్రజ్ఞులు కనుగొన్న వార్త 2015లో వచ్చింది. ఆ తరువాతిది పిరమిడెన్ బొగ్గు. దానిపైన జిప్సం పొరలు. ఎండకు సముద్రపు నీరు ఇగిరిపోతేనే జిప్సం మిగులుతుంది. అంటే ఎడారివంటి సీమ. ఆ పైన చల్లని సముద్రంలో బతికిన స్పంజికల గాజుసూదులతో నిండిన గట్టిరాయి.

ఈ వరుసను గమనించండి. తడిగా ఉండే ఉష్ణసీమ, తరువాత ఎడారి సీమ, తరువాత చల్లని సముద్రం. భూగోళం మీద భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి ప్రయాణం చేస్తే దారిలో తగిలే మజిలీలు కూడా ఇవే కదా! ప్రయాణం చేసింది ఆ నేలే. ఖండాలు కదులుతవని 1912లో జర్మను శాస్త్రజ్ఞుడు వెగెనర్ చెప్పినప్పుడు చాలామంది నవ్వారు. 1960లు వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. నేల ఏడాదికి కొన్ని సెంటిమీటర్లు, అంటే మన గోరు పెరిగినంత వేగంతో కదులుతుంది. మన సింగరేణి బొగ్గుది దీనికి ఎదురుప్రయాణం. అది పుట్టిన కాలంలో మన నేల దక్షిణార్ధగోళంలో చలిసీమలో ఉండేది.

కనుక మొదటి బొగ్గుకు కారణం తేలిపోయింది. అడవి భూమధ్యరేఖ దాపున పెరిగింది, బొగ్గు ధ్రువానికి వచ్చి చేరింది.

రెండవ బొగ్గుకు మాత్రం ఈ సమాధానం చెల్లదు. 6 కోట్ల ఏళ్ళ కిందటికే స్వాల్‌బార్డ్ నేల ఉత్తరాన చాలా దూరం వెళ్ళిపోయింది. చలికాలపు దీర్ఘరాత్రి అప్పుడూ ఉన్నది. అయినా అక్కడ అడవి పెరిగింది! 19వ శతాబ్దంలో నార్డెన్‌షెల్డ్ వంటి అన్వేషకులు తెచ్చిన రాతిపలకలను స్విట్జర్లండులో హీర్ అనే పండితుడు పరిశీలించాడు. వాటి మీద ఈనెలతో సహా ఆకుల అచ్చులున్నవి. గింకో, రెడ్‌వుడ్ జాతి చెట్లు, వెడల్పాకు చెట్లు అక్కడ ఉండేవి. వాటిలో చాలా భాగం చీకటి నెలలకు ముందే ఆకు రాల్చి, వెలుగు రాగానే చిగిర్చేవి. నేల ఉత్తరానే ఉన్నది కనుక, వెచ్చదనం గాలి నుంచే రావాలి. ఆనాటి గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. అది దుప్పటిలా వేడిని పట్టి ఉంచటం వల్ల భూగోళమంతా వెచ్చగా ఉండేది.

ఆ బొగ్గుకు పైన ఉన్న నల్లని పలకరాళ్ళలో మరొక సంగతి నమోదయి ఉన్నది. 5 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట ఆ వాయువు ఇంకా పెరిగి, కొన్ని వేల ఏళ్ళలోనే భూమి సగటు వేడి మరొక 5, 6 డిగ్రీలు హెచ్చింది. తిరిగి నెమ్మదించటానికి లక్ష ఏళ్ళకు పైగా పట్టింది.

ఇంతకూ ఆ రెండవ బొగ్గును మనుషులేం చేశారు? తవ్వి కాల్చారు. దానికోసం ప్రాణాలు కూడా ఇచ్చారు. 1962 నవంబరు 5న నీ-ఆలెసుండ్ గనిలో జరిగిన ప్రేలుడులో 21 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడు నార్వేలో ప్రభుత్వమే కూలింది, ఆ గని మూతపడింది. ఇప్పుడా ఊరు శాస్త్రజ్ఞుల స్థావరం. 2008 నుంచి మన భారతదేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రం కూడా అక్కడే ఉన్నది. పిరమిడెన్ 1998లో మూతపడింది. నార్వేవారి చివరి గని 2025లో మూసివేశారు.

గనులు మూసినా కాల్చిన బొగ్గు గాలిలోనే ఉన్నది. ప్రపంచమంతటా కాల్చిన బొగ్గూ చమురూ దానికి తోడయినవి. 1971 నుంచి 2017 దాకా స్వాల్‌బార్డ్‌లో వేడి 3 నుంచి 5 డిగ్రీలు పెరిగింది. ఆ కాలంలో నేల కదిలింది మహా అయితే ఒకటి రెండు మీటర్లు. మొదటి బొగ్గు చెప్పిన కారణం ఇక్కడ పనిచేయదు. మిగిలింది రెండవదే.

ఇది ఎక్కడో ధ్రువంలోని ముచ్చట అని మనం కొట్టివేయటానికి వీలులేదు. లాంగ్‌యియర్‌బియెన్ దగ్గర ఇసుకరాతి కొండను తొలిచి 2008లో ప్రపంచ విత్తనాల ఖజానా కట్టారు. ఏ దేశంలో ఏ ఉపద్రవం వచ్చినా పంటల బీజం నశించకూడదని ఆ ఏర్పాటు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను అక్కడ దాచారు. ఎన్నటికీ కరగని నేల అని నమ్మి కట్టిన ఆ ఖజానా ముంగిటి సొరంగంలోకి 2016లో నీళ్ళు వచ్చినవి. విత్తనాలకు ఏ హానీ కలగలేదు. తరువాత సొరంగాన్ని నీరు చొరకుండా బాగుచేశారు.

నేల ప్రయాణాన్ని ఆపటం మన వల్ల కాదు. గాలిలోకి మనం ఏమి వదులుతున్నామన్నది మాత్రం మన చేతిలో ఉన్నదే. మన కంది గింజ ఆ రాతి కొండలో ఎంతకాలం చల్లగా నిద్రపోతుందన్నది దాని మీదనే ఆధారపడి ఉన్నది.